ఎకోలో ఊపిరితిత్తుల బీపీ 59 అన్నారు: నా అయిదు నెలల అనుభవం

మెట్లెక్కితే దమ్ము వస్తోందని నాకు కిందటి ఎండాకాలం నుంచే తెలుసు. 47 ఏళ్లు, 78 కిలోలు, రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి పాఠం. దమ్ము రాక ఏం చేస్తుంది అని సరిపెట్టుకున్నాను. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. తొమ్మిది, పది తరగతులు రెండో అంతస్తులో ఉంటాయి.

2024 నవంబరు 14న, బాలల దినోత్సవం రోజు, పిల్లలకు పంచాల్సిన లడ్డూల డబ్బా పట్టుకుని పైకి వెళ్తూ సగంలో ఆగిపోయాను. రెయిలింగ్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు డబ్బా అందుకుని, "టీచర్, మీరు ఇక్కడే కూర్చోండి" అన్నాడు. మెట్ల మీదే కూర్చున్నాను. మర్నాడు కార్తీక పౌర్ణమి. ఉపవాసం ఉండి గుడిలో 365 వత్తులు వెలిగించి వచ్చేసరికి కళ్లు తిరిగాయి. ఇంక మా ఆయన ఊరుకోలేదు.

16వ తేదీ శనివారం మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. బీపీ 170/100. కాలి మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోయింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9. "ఒకసారి టూడీ ఎకో తీయించండి" అని రాశారు. అంటే గుండెకి తీసే స్కానింగ్.

సోమవారం ఎకోకి వెళ్లాం. ఆ సెంటరుకి గుండె డాక్టరు వారానికి రెండు రోజులే వస్తారు కాబట్టి ఆ రెండు రోజులూ జాతరే. మూడు గంటలు కూర్చున్నాం, లోపల స్కానింగ్ పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎడమ వైపుకి తిరిగి, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోమన్నారు. జెల్లీ చల్లగా తగిలింది. పక్కటెముకల సందున ఆ పరికరం పెట్టి గట్టిగా నొక్కుతుంటే నొప్పి పుట్టింది కానీ చెప్పడానికి మొహమాటం. తెర మీద ఎరుపు, నీలం మంటల్లాగా కదిలాయి. మధ్యలో మిషను "వుష్, వుష్" అని చప్పుడు చేసింది. అది నా రక్తం పారే చప్పుడేనని తర్వాత తెలిసింది. 1,800 రూపాయలు తీసుకున్నారు.

అరగంటకి రిపోర్టు చేతికొచ్చింది. అందులో రెండు లైన్లు బోల్డులో ఉన్నాయి. ఒకటి మోడరేట్ టీఆర్, అంటే గుండె కుడివైపు ట్రైకస్పిడ్ వాల్వులో ఓ మోస్తరు లీకేజీ. రెండోది ఆర్‌వీఎస్‌పీ 59 (గుండె కుడి కింది గదిలో పై ప్రెషర్, ఊపిరితిత్తుల బీపీ అని చెప్పేది దీన్నే), మోడరేట్ పీఏహెచ్, అంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనే బీపీ పెరిగే ఒక రకం జబ్బు. డాక్టరు తల ఎత్తకుండానే, "ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళంలో ప్రెషర్ ఎక్కువుందమ్మా. మందు రాస్తున్నాను, ఎప్పటికీ వాడాలి" అన్నారు. ఎందుకొచ్చింది సార్ అని అడిగాను. "వస్తుంది కొంతమందికి" అని తర్వాతి పేషెంటుని పిలిచారు.

మెడికల్ షాపులో ఉన్నది నా పాత స్టూడెంటు. చీటీ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చీటీ చూశాడు. గొంతు బాగా తగ్గించి, "సార్‌కా మేడమ్?" అన్నాడు. నాకేరా అన్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆ మందు సిల్డెనఫిల్, జనం వయాగ్రా అని పిలిచేది. ఊపిరితిత్తుల రక్తనాళాలను వదులు చేయడానికి కూడా ఇస్తారట. నాకు చెప్పేవాళ్లెవరూ లేక, ఏదో పొరపాటు జరిగిందనుకుని మళ్లీ క్లినిక్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. రోజుకు మూడు. వేసుకున్న గంటకల్లా మొహం వేడెక్కి తల బరువెక్కేది.

అసలు టెన్షన్ ఆ రాత్రి మొదలైంది. హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్న మా అమ్మాయికి రిపోర్టు ఫోటో పంపాను. గంట తర్వాత ఫోన్ చేసి ఏడుపు. నెట్‌లో చూస్తే రెండు మూడేళ్లకి మించి బతకరని ఉందట. అది 1980ల నాటి లెక్క, ఈ జబ్బుకి ప్రత్యేకమైన మందులు లేని రోజులది, అందులోనూ కారణం తెలియని అరుదైన రకం వాళ్లది. ఈ సంగతి నాకు డిసెంబరులో తెలిసింది. నవంబరులో మాత్రం పెట్టెలో పిల్ల పెళ్లికని దాచిన బంగారం ఎవరికి అప్పజెప్పాలా అని ఆలోచిస్తూ పడుకున్నాను. మా అమ్మకి చెప్పలేదు. మా అత్తమ్మకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

మా ఆడపడుచు ఒక పెద్ద గుండె డాక్టరు పేరు చెప్పింది, హైదరాబాద్‌లో. అపాయింట్‌మెంట్ డిసెంబరు 5కి దొరికింది. 17 రోజుల నిరీక్షణ. సరిగ్గా ముందురోజు పొద్దున ఏడున్నర అవుతుండగా పడుకున్న మంచం ఊగింది. గుండె దడ ఇంత గట్టిగా వచ్చిందా, మంచం కూడా కదిలేంతగానా అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని బిగుసుకుపోయాను. బయట అరుపులు వినిపించాకగానీ అది భూకంపమని తెలియలేదు. ములుగు దగ్గర వచ్చింది, 5.3 తీవ్రత. వీధంతా రోడ్డు మీద నిలబడి భయపడుతుంటే నాకొక్కదానికే ప్రాణం లేచొచ్చింది. కదిలింది నా గుండె కాదు కదా.

5వ తేదీన శాతవాహన ఎక్కి మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో దిగాం. డాక్టరు రిపోర్టు చదివి అడిగిన మొదటి ప్రశ్న, "దీని వీడియో సీడీ ఏదమ్మా?" మా దగ్గర లేదు. ఖమ్మానికి ఫోన్ చేస్తే అలాంటివి మేం దాచిపెట్టం అన్నారు. ఇది నాకు తగిలిన పెద్ద దెబ్బ. కాగితం మీద నంబరు ఉంది కానీ ఆ నంబరు ఎక్కడినుంచి వచ్చిందో చూసే వీలు లేదు. రిపోర్టులో రెండే రెండు చిన్న బొమ్మలు అచ్చయి ఉన్నాయి. ఆయన వాటినే కిటికీ వెలుగులోకి పట్టుకుని చూసి, మళ్లీ ఎకో రాశారు. 2,600.

ఈసారి ముప్పావు గంట పట్టింది. ముందు టెక్నీషియన్ అమ్మాయి, తర్వాత డాక్టరు గారే వచ్చి చేశారు. ఛాతీకి ఈసీజీ స్టిక్కర్లు మూడు. ఎడమ పక్కకి పడుకున్నాక ఒకే లీకేజీ ధారని నాలుగైదు చోట్ల నుంచి కొలిచింది ఆ అమ్మాయి. "ఊపిరి వదిలేసి అలాగే ఆగండి, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే నాకు కళ్లు తేలిపోయేవి. నా సంగతి కనిపెట్టి, మధ్యలో రెండు నిమిషాలు లేచి కూర్చోనిచ్చింది. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడవమని, డొక్క కింద, పొట్ట పైభాగంలో నొక్కింది. "ఇప్పుడు ముక్కుతో ఒక్కసారి గట్టిగా లోపలికి పీల్చండి" అంది. నేను దీర్ఘంగా శ్వాస తీసుకున్నాను. "అలా కాదు మేడమ్, జలుబు చేసినప్పుడు ఎగబీలుస్తారే, అలా." ఎగబీల్చాను. తెర మీద ఒక నల్లటి గొట్టం సన్నబడి మళ్లీ విచ్చుకుంది. మళ్లీ చేయమంది. మూడుసార్లు చేయించింది.

ఆ గొట్టం సంగతి తర్వాత డాక్టరు గారు చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

ఎకో మిషను ఊపిరితిత్తుల ప్రెషర్‌ని నేరుగా కొలవలేదు. అది కొలిచేది లీకేజీ ధార వేగాన్ని. తోటలో పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి కదా. ఎంత వేగంగా చిమ్మితే వెనక అంత ప్రెషర్ ఉన్నట్టు. ట్రైకస్పిడ్ వాల్వు నుంచి వెనక్కి కారే రక్తం సెకనుకి ఎన్ని మీటర్ల వేగంతో వస్తోందో చూసి, ఆ అంకెను అదే అంకెతో హెచ్చించి, దాన్ని నాలుగింతలు చేస్తారు. ఖమ్మంలో నా వేగం 3.5 వచ్చింది. 4 × 3.5 × 3.5 = 49. దానికి గుండె కుడి పై గదిలో ఉండే ప్రెషర్ కలపాలి. అది కూడా అంచనాయే. ఆ నల్లటి గొట్టం, అంటే ఒంట్లో కింది భాగం నుంచి చెడు రక్తం తెచ్చే పెద్ద సిర, ఎంత లావుంది, ఎగబీల్చినప్పుడు ఎంత సన్నబడుతోంది అని చూసి వేస్తారు. 2.1 సెంటీమీటర్లకు మించకుండా, సగానికి పైగా సన్నబడితే 3. లావుగా ఉండి సన్నబడకపోతే 15. మధ్యస్థంగా ఉంటే 8. ఖమ్మంలో నన్ను ఎగబీల్చమని ఎవరూ అనలేదు. కంటిచూపున 10 వేసేశారు. 49కి 10 కలిస్తే 59. అదీ నన్ను 17 రాత్రులు నిద్రపోనివ్వని నంబరు!

హైదరాబాద్‌లో వేగం 3.0. 4 × 3 × 3 = 36. గొట్టం సగానికి తక్కువే సన్నబడింది కాబట్టి 8. మొత్తం 44.

"మూడు వారాల్లో 15 తగ్గిందా సార్? మందు పనిచేసినట్టేనా?" అన్నాను ఆశగా. ఆయన నవ్వారు. వేగంలో అర మీటరు తేడా వస్తే, అంకెను అంకెతో హెచ్చిస్తాం గనక, ఇక్కడే 13 తేడా వచ్చేస్తుందట. ఖమ్మం రిపోర్టులో అచ్చయిన బొమ్మ చూపించారు. తెల్లటి కొండలాంటి ఆకారం, దాని కొస మీద నూగు గడ్డంలా మసక. కొలిచే గీత కొండ అంచున పెట్టాలి, అక్కడ మాత్రం నూగు చివర పెట్టారు. "అదొక్కటే కారణమని అనను. అప్పట్లో మీ బీపీ 170 ఉంది, రక్తం తక్కువుంది, కంగారుగా ఉన్నారు. ఆ రోజు నిజంగానే కొంత ఎక్కువ ఉండొచ్చు" అన్నారు. తోటి డాక్టర్ని తప్పుపట్టకుండా మాట్లాడిన తీరు నాకు నచ్చింది. నాకు మాత్రం కోపం తగ్గలేదు, అది వేరే సంగతి.

నేను లీకేజీ గురించి భయపడ్డాను కదా, అదీ అడిగాను. కాస్త లీకేజీ బాగున్నవాళ్లలో కూడా కనిపిస్తుందట. పైగా ఆ లీకేజీ ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. ధార సరిగా దొరకని వాళ్లకి ఈ పద్ధతిలో నంబరే రాదు. అంతమాత్రాన వాళ్లకి ప్రెషర్ లేదని కూడా కాదట. అప్పుడు గుండె కుడి గదులు పెద్దవయ్యాయా, మధ్య గోడ ఎడమ వైపుకి నొక్కుకుపోయిందా లాంటివి చూస్తారు. నాకు కుడి గదులు మామూలుగానే ఉన్నాయి. ఎడమ పై గది మాత్రం పెద్దదైంది. ఆయన దాని మీదే వేలు పెట్టి ఆగారు.

"ఎకో చూసి పీఏహెచ్ అని పేరు పెట్టకూడదమ్మా. అది ఒక రకం, తక్కువమందికే వస్తుంది. ఎడమ గుండె వల్ల, ఊపిరితిత్తుల జబ్బు వల్ల, నిద్రలో శ్వాస ఆగడం వల్ల, పాత రక్తపు గడ్డల వల్ల కూడా ఈ ప్రెషర్ పెరుగుతుంది. దేనివల్లో తెలియకుండా ఈ మాత్ర వద్దు" అని సిల్డెనఫిల్ ఆపేశారు. (ఆ మందు నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు. నా కథ చదివి ఎవరూ సొంతంగా ఆపకండి. నాకు ఆపింది డాక్టరు.) బీపీకి, ఒంట్లో నీరు పోవడానికి, రక్తం పట్టడానికి మందులు రాసి, సంక్రాంతి దాకా చూద్దాం అన్నారు. ఈలోగా ఊపిరితిత్తుల్లో గడ్డలేమైనా ఉన్నాయేమో చూడడానికి వీక్యూ స్కాన్, 9,000. గడ్డల్లేవు. నిద్ర పరీక్ష ఇంట్లోనే, ముక్కుకి గొట్టం, వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు, 6,500. గంటకి 22 సార్లు శ్వాస ఆగుతోందో, బాగా తగ్గిపోతోందో అవుతోందట. "నేను ఇరవై ఏళ్లుగా చెప్తూనే ఉన్నాను, గురక అని" అన్నారు మా ఆయన.

నీళ్ల మాత్ర గురించి ఒక మాట. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం దాకా గంటకోసారి లేవాలి. టీచర్లకి ఆ అవకాశం ఎక్కడిది? హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పి మొదటి రెండు పీరియడ్లు ఖాళీ పెట్టించుకున్నాను.

సంక్రాంతికి హిమోగ్లోబిన్ 10.8కి వచ్చింది, బీపీ అదుపులోకి వచ్చింది, దమ్ము సగమే తగ్గింది. రెండు ఎకోలు రెండు మాటలు చెప్తున్నాయి, మందు ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోవాలి, కాబట్టి కాథ్ చేద్దాం అన్నారు. కాథ్ అంటే స్టెంట్లు వేసే యాంజియో అనుకుని అత్తమ్మ ఏడ్చింది. ఇది సిరలోంచి గుండె కుడి వైపుకి సన్నటి గొట్టం పంపి ప్రెషర్‌ని నేరుగా కొలవడం, అంతే.

2025 జనవరి 22, బుధవారం. ఆరు గంటలు ఏమీ తినకూడదు. మెడ సిరలోంచి పంపుతాం గనక మెడలో ఏమీ ఉండకూడదని నర్సు చెప్పింది. పుస్తెలతాడు తీయాలంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. తీసే ముందు పసుపు కొమ్ము కట్టిన దారం మెడలో వేయాలంది. దారం కూడా వద్దంది నర్సు. పాపం ఆ అమ్మాయికి ఇది రోజూ ఉండే గొడవే అనుకుంటాను, "చేతికి కట్టండి అమ్మమ్మా, ఎడమ చేతికి, మేం ముట్టుకోం" అని తనే దారి చూపించింది. మా ఆయన కట్టారు. చేతులు వణుకుతుంటే ముడి రెండుసార్లు జారింది. ఇరవై నాలుగేళ్ల తర్వాత మళ్లీ నాకు పసుపు దారం కట్టడం అది.

లోపల చలి. తల ఎడమ వైపుకి తిప్పి మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మత్తు లేదు, మెడలో సూది చోట మాత్రం మొద్దుబారేలా ఇంజెక్షన్. అది చురుక్కుమంది. ఆ తర్వాత నొప్పి లేదు, ఎవరో వేలితో నొక్కుతున్నట్టు. గొట్టం గుండెలోంచి వెళ్తున్నప్పుడు రెండు మూడుసార్లు గుండె తడబడి, మెట్టు తప్పినట్టు ధడేలుమంది. "అదేం కాదమ్మా, గొట్టం తగిలింది" అన్నారు. చివరికి కొసన ఉన్న చిన్న బెలూన్ ఉబ్బించి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఒక కొమ్మ దగ్గర ఆపారు. అక్కడ ఎడమ వైపు ప్రెషర్ తెలుస్తుందట. అరగంటలో అయిపోయింది. మెడకి రూపాయి బిళ్లంత పట్టీ. మూడు గంటలు పడుకోబెట్టి సాయంత్రానికి పంపేశారు.

బిల్లు 31,400. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్సు ఇవ్వలేదు. పరీక్ష కోసమే చేరితే పాలసీలో రాదట, ఆ షరతు లోపలెక్కడో పేజీలో ఉంది. ముందే ఫోన్ చేసి అడిగితే కనీసం ఆశ పెట్టుకునేవాళ్లం కాదు.

ఫలితం: పై ప్రెషర్ 38, సగటు 24, బెలూన్ దగ్గర 17. అంటే అసలు కొలత హైదరాబాద్ ఎకో చెప్పిన 44 కంటే కూడా తక్కువ. అలాగని సంబరపడే నంబరూ కాదు. ఇంతకుముందు సగటు 25 ఉంటేనే జబ్బు అనేవారట, 2022 నాటి యూరప్ మార్గదర్శకాల్లో 20 దాటితే జబ్బుగానే లెక్క. బెలూన్ దగ్గర 15 దాటింది కాబట్టి ఒత్తిడి ఎడమ వైపు నుంచి వెనక్కి పోటెత్తుతోందని అర్థం. మాది సాగర్ కాలువ కింద వ్యవసాయమని తెలిసి, "దిగువన తూము దించేస్తే ఎగువ కాలువలో నీళ్లు నిలవవూ? ఎడమ గుండె గట్టిపడి సరిగా సడలట్లేదు. కాలువకి మందేస్తే ఏం లాభం, తూము సంగతి చూడాలి" అన్నారు. నాకంటే మా ఆయనకి ముందు అర్థమైంది.

కొత్త చీటీ పట్టుకుని మళ్లీ అదే మెడికల్ షాపు. ఇప్పుడు రాసింది డాపాగ్లిఫ్లోజిన్. "మేడమ్, మీకు షుగర్ ఎప్పుడొచ్చింది?" అన్నాడు మా స్టూడెంటు. రాలేదురా, ఇది గుండెకి అన్నాను. ఈసారి వాడు నమ్మినట్టే తలూపాడు. రాత్రి పూట శ్వాస మిషను నెలకి 3,500 అద్దెకి తెచ్చుకున్నాం. మొదటి వారం మాస్కు తీసి పారేయాలనిపించింది. రెండో నెలకి అది లేకపోతే నిద్ర పట్టడం లేదు.

ఏప్రిల్ 17న మూడో ఎకో, మళ్లీ 2,600. బరువు 71. అదే టెక్నీషియన్ అమ్మాయి. ఎగబీల్చమనకముందే ఎగబీల్చాను, నవ్వింది. వేగం 2.8, గొట్టం బాగా సన్నబడింది, 3 కలిపారు. ఆర్‌వీఎస్‌పీ 34. మందులు, రైలు చార్జీలు, మిషను అద్దె కాకుండా పరీక్షలకే మొత్తం 53,900 అయింది.

బయటికి వస్తూ సీడీ అడిగాను. 200 కట్టించుకుని, పది నిమిషాలు కూర్చోబెట్టి ఇచ్చారు. మా ఇంట్లో సీడీ పెట్టి చూసే మిషనే లేదు. బీరువాలో పట్టుచీరల కింద దాచాను.